క్షార స్వభావపు ప్రోటీన్, సిలికా గోడ: కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఒక కేస్ స్టడీ

ఈ కేసులో పరీక్షకు వచ్చిన పదార్థం సుమారు 14 కిలోడాల్టన్ల బరువున్న, జన్యువును చొప్పించిన బ్యాక్టీరియాలో తయారు చేసిన ఒక రీకాంబినెంట్ ప్రోటీన్. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (పీఐ), అంటే నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్, 9.5 దగ్గర ఉంటుంది. తయారీదారు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఒక సంస్థ. మా విశ్లేషణ ప్రయోగశాల బెంగళూరు శివార్లలో, బొమ్మసంద్ర వైపు ఉంది. వారికి కావలసింది చార్జ్ వేరియంట్ల లెక్క. ఒకే ప్రోటీన్‌లో ఒకటి రెండు ఆవేశాల తేడాతో ఉండే రూపాలను విడదీసి, ఒక్కొక్కటి ఎంత శాతం ఉందో చెప్పాలి. ధన ఆవేశాన్ని బట్టి విడదీసే కేటయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ మీద వారికి ప్రధాన పీక్ (డిటెక్టర్ గీతలో లేచే శిఖరం) పక్కన, విడిపోని ఒక భుజం మాత్రమే కనిపించేది. వెంట్రుకంత సన్నని గొట్టంలో (కేపిలరీలో) బఫర్, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం, నింపి వోల్టేజీతో అణువులను ఆవేశాన్ని బట్టి విడదీసే కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ దానిని విడదీస్తుందన్న ఆశతో పూత లేని సిలికా కేపిలరీలో, పీహెచ్ 6 ఫాస్ఫేట్ బఫర్‌తో ప్రయత్నించగా, భుజం విడిపోవడం అటుంచి ప్రధాన పీక్ కూడా తోక సాగి గుర్తుపట్టలేనట్టుగా తయారైంది.

వారి శాస్త్రవేత్త ఫోన్‌లో అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: "బఫర్ ఏది వాడాలో చెబితే మా వాళ్లు ఇక్కడే చేసుకుంటారండీ." నేను ఇచ్చిన జవాబు ఇది: "బఫర్ సంగతి తర్వాత చెబుతానండీ, ముందు మీ ప్రోటీన్ ఎంత బయటికి వస్తోందో, ఎంత లోపలే ఉండిపోతోందో తేల్చనివ్వండి." ఇలాంటి సమస్యల్లో బఫర్ల జాబితా పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం మామూలుగా జరిగే పని. పీక్ కాస్త సన్నబడగానే సమస్య తీరిందనుకుంటారు, కానీ సన్నని పీక్ వచ్చినంత మాత్రాన ప్రోటీన్ అంతా వచ్చిందని అర్థం కాదు. శాతాలు రిపోర్టు చేయవలసిన పద్ధతిలో ఈ తేడా ప్రాణప్రదమైనది, ఎందుకంటే గోడకు ఎక్కువగా అంటుకునేది ఎక్కువ ధన ఆవేశమున్న రూపమే కనుక, అది తగ్గినంత మేర మిగతా రూపాల శాతం ఉన్నదానికన్నా పెరిగినట్టు కనిపిస్తుంది.

గోడ ఎంత పట్టగలదు

మేము వాడినది లోపలి వ్యాసం 50 మైక్రోమీటర్లు, మొత్తం పొడవు 60 సెంటీమీటర్లు, డిటెక్టర్ దాకా 50 సెంటీమీటర్లు ఉన్న ఫ్యూజ్డ్ సిలికా కేపిలరీ. దాని లోపల పట్టే ద్రవం 1.2 మైక్రోలీటర్లు, లోపలి గోడ వైశాల్యం సుమారు 0.94 చదరపు సెంటీమీటర్లు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము గాఢత ఉన్న శాంపిల్‌ను 5 మిల్లీమీటర్ల పొడవున ఎక్కిస్తే లోపలికి వెళ్లే ప్రోటీన్ 10 నానోగ్రాములు. లైసోజైమ్ వంటి క్షార ప్రోటీన్ సిలికా మీద ఒక్క పొరగా పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 100 నుంచి 200 నానోగ్రాములు పడుతుంది. అంటే ఎక్కించిన ప్రోటీన్‌కు దాదాపు పది నుంచి ఇరవై రెట్లు మింగి కూర్చోగల చోటు ఆ గోడ మీద ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారి చేత నేను మొదట వేయించే లెక్క ఇదే. ఈ అంకెలు ఒకసారి కాగితం మీద పెట్టి చూసుకున్నాక, అంటుకుపోవడం అనేది అరుదుగా వచ్చే ఇబ్బంది అన్న భావన ఇక నిలవదు.

గోడ మీద ఉండే సైలనాల్ సమూహాలు (సిలికాన్‌కు అతికిన ఓహెచ్‌లు) పీహెచ్ 3 దాటిన తర్వాత క్రమంగా ప్రోటాన్‌ను వదిలి ఋణ ఆవేశం పొందుతాయి. పీహెచ్ 4 నుంచి 8 మధ్య ఆ పెరుగుదల నిటారుగా ఉంటుంది. ఆ ఋణ ఆవేశమే బఫర్ మొత్తాన్ని కాథోడ్ వైపు నడిపించే ఎలక్ట్రో ఆస్మాటిక్ ప్రవాహానికి, అంటే లాబ్‌లో మేమనే ఈఓఎఫ్‌కు మూలం. పీఐ 9.5 ఉన్న ప్రోటీన్ పీహెచ్ 6 దగ్గర గట్టి ధన ఆవేశంతో ఉంటుంది కనుక దానికి ఆ గోడ అయస్కాంతంలా పనిచేస్తుంది. ఆవేశాల ఆకర్షణతో మొదలైన ఈ బంధానికి హైడ్రోజన్ బంధాలు, జలవిముఖ భాగాల కలయిక తోడై, కొన్ని అణువులు ఆకారం మార్చుకుని మరి వదలకుండా స్థిరపడతాయి.

జోర్గెన్సన్, లుకాక్స్ 1981లో 75 మైక్రోమీటర్ల గాజు కేపిలరీలతో ఈ పద్ధతికి బాట వేసినప్పుడు చూపిన సిద్ధాంతం ప్రకారం, పీక్ వెడల్పుకు విస్తరణ (అణువులు తమంతట తాము చెదరడం) ఒక్కటే కారణమైతే ప్లేట్ల సంఖ్య, అంటే పీక్ ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె, వోల్టేజీతో పాటు పెరుగుతుంది, విస్తరణ నెమ్మదిగా ఉండే పెద్ద అణువులకు మరింత ఎక్కువగా ఉంటుంది. లైసోజైమ్ పరిమాణం గల ప్రోటీన్‌కు 20 కిలోవోల్టుల దగ్గర లెక్క కడితే అది 15 లక్షల దాకా వస్తుంది. నిజానికి ఎక్కించిన 5 మిల్లీమీటర్ల ముక్క పొడవే 50 సెంటీమీటర్ల దారికి ప్లేట్ల సంఖ్యను 1,20,000 దగ్గర ఆపేస్తుంది. కాబట్టి లక్ష దరిదాపుకు చేరిన పద్ధతిని గోడ విషయంలో మంచి పద్ధతిగానే భావించాలి, పత్రికల్లో కనిపించే పది లక్షల అంకెలతో పోల్చుకుని నిరాశ పడనవసరం లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన డేటాలో మాత్రం అది కొన్ని వేలకు మించలేదు.

ముందు కొలత

అదే బఫర్‌ను, అదే రకం కేపిలరీని మా దగ్గర మళ్లీ పెట్టాము. ప్రతి ఇంజెక్షన్‌తో పాటు ఈఓఎఫ్‌ను చూపడానికి ఆవేశం లేని డీఎంఎస్ఓ అనే ద్రావకాన్ని కలిపాము. ఇంజెక్షన్ల వరుసలో ప్రోటీన్ రావడం మెల్లగా ఆలస్యం కావడం మొదలైంది. ఇది చూసిన వెంటనే అధిశోషణం (గోడకు అంటుకోవడం) అని తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, మూతలో చీలిక ఉన్న చిన్న బఫర్ సీసాలు గంటల తరబడి ట్రేలో కూర్చుంటే నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది, అప్పుడు కూడా సమయాలు జరుగుతాయి. ఈ రెంటినీ వేరు చేసే సులువైన సూచిక కరెంటు. ఆవిరైతే బఫర్ వాహకత మారి కరెంటు కదులుతుంది. గోడ మారితే కరెంటు దాదాపు అలాగే ఉండి ఈఓఎఫ్ మాత్రం మారుతుంది. మా బృందంలోని అనంతపురం కుర్రవాడు ఆ వరుస చార్టును తెచ్చి, "అన్నా, కరెంటు గీత కదల్లేదు, డీఎంఎస్ఓ మాత్రం ప్రతిసారీ ఆలస్యంగా వస్తోంది" అన్నప్పుడు దిశ తేలింది. ధన ఆవేశపు ప్రోటీన్ గోడ మీద ఋణ ఆవేశాన్ని కప్పేస్తూ పోతుంటే ప్రవాహం తగ్గడమే సహజం.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే దీనిని చాలామంది పట్టించుకోరు. టౌన్స్, రెగ్నియర్ 1992లో చూపించినట్టు, అంటుకునే పదార్థం కేపిలరీ అంతటా సమానంగా పరుచుకోదు, ఎక్కించిన చివర దగ్గరే ఎక్కువగా పేరుకుంటుంది. అప్పుడు మొదటి భాగంలో ఈఓఎఫ్ ఒక తీరుగా, మిగతా భాగంలో మరో తీరుగా ఉండాలని గోడ కోరుతుంది. కానీ గొట్టంలో ద్రవం తెగిపోలేదు కనుక ఆ తేడాను సరిచేయడానికి లోపల ఒత్తిడి పుడుతుంది, దానితో చదునుగా సాగవలసిన ప్రవాహం మధ్యలో వేగంగా, గోడ పక్క నెమ్మదిగా సాగే పరవలయ రూపంలోకి మారుతుంది. ఫలితంగా గోడను అసలు తాకని పదార్థాల పీకులు కూడా వెడల్పవుతాయి. మా వరుసలో డీఎంఎస్ఓ పీక్ సైతం మెల్లగా వెడల్పు కావడం దీనికి సాక్ష్యం. ఒక శాంపిల్ చేసిన నష్టం తర్వాతి శాంపిల్ మీద పడుతుందన్నమాట.

ఆ తర్వాత ఎంత ప్రోటీన్ పోతోందో కొలిచాము. ఇందుకు కేపిలరీని కోయనవసరం లేదు. ఒకసారి మామూలు చివర నుంచి ఎక్కించి 50 సెంటీమీటర్లు నడిపించాలి. మరోసారి ధ్రువాలు తిప్పి, డిటెక్టర్‌కు దగ్గరగా ఉన్న అవతలి చివర నుంచి అదే పీడనంతో, అదే సమయం ఎక్కించి 10 సెంటీమీటర్లు మాత్రమే నడిపించాలి. పీక్ డిటెక్టర్ ముందు నుంచి ఎంత వేగంగా దాటుతుందో దానిమీద వైశాల్యం ఆధారపడుతుంది కనుక, ప్రతి వైశాల్యాన్ని దాని సమయంతో భాగించి పోల్చాలి. పొట్టి దారిలో వేరియంట్లు విడిపోవు, అందుచేత మొత్తం వైశాల్యాన్నే తీసుకోవాలి. అంటుకోవడం లేకపోతే రెండు అంకెలూ సమానంగా ఉండాలి. ఈ బఫర్‌లో పొడవు దారి అంకె పొట్టి దారి అంకెలో సగానికి కాస్త పైన మాత్రమే వచ్చింది.

ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. ఎక్కించిన చోట మొదటి కొన్ని సెంటీమీటర్లలోనే స్థిరపడిపోయిన ప్రోటీన్ రెండు దారుల్లోనూ ఒకేలా పోతుంది కనుక లెక్కలోకి రాదు. దానికోసం పరుగు ముగిశాక 50 మిల్లీమోలార్ ఎస్‌డీఎస్ (అంటుకున్న ప్రోటీన్‌ను ఊడదీసే డిటర్జెంట్) ద్రావణాన్ని పీడనంతో తోసి, 214 నానోమీటర్ల దగ్గర ఏమి బయటికి వస్తుందో చూశాము. ఖాళీ పరుగు తర్వాత తోసినప్పుడు కనిపించని దిబ్బ, ప్రోటీన్ పరుగు తర్వాత తోసినప్పుడు స్పష్టంగా కనిపించింది. ఈ రెండు కొలతలూ కలిస్తేనే గోడ పరిస్థితి తెలుస్తుంది. ఏదో ఒకదానితో తృప్తిపడే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

పీహెచ్‌ను నిర్ణయించేది వేరియంట్ రసాయనమే

గోడ నుంచి తప్పించుకోవడానికి పుస్తకాల్లో కనిపించే మొదటి రెండు దారులు పీహెచ్‌వే. లాయర్, మెక్‌మానిగిల్ 1986లో చెప్పిన దారిలో బఫర్ పీహెచ్‌ను ప్రోటీన్ పీఐ కన్నా పైకి తీసుకెళ్లి, ప్రోటీన్‌నూ గోడనూ ఒకే ఋణ ఆవేశంలో పెడితే అవి వికర్షించుకుంటాయి. మెక్‌కార్మిక్ 1988లో చెప్పిన దారిలో ఫాస్ఫేట్ బఫర్‌ను బాగా ఆమ్లంగా చేసి, సైలనాల్‌లు ఆవేశం కోల్పోయేలా చూడాలి.

మొదటి దారి ఇక్కడ పనికిరాదు. పీఐ 9.5 ఉన్న ప్రోటీన్‌ను తగినంత ఋణ ఆవేశంలో ఉంచాలంటే పీహెచ్ 10.5 దాటాలి. ఆ స్థితిలో సిలికా కరుగుతూ ఉంటుంది, అంతకన్నా ముఖ్యంగా మేము కొలవబోతున్న వేరియంట్‌ను ఆ బఫర్ స్వయంగా తయారు చేస్తుంది. వేరియంట్లలో ప్రధానమైనది డీఅమిడేషన్ (అమైడ్ సమూహం ఊడి ఆమ్లంగా మారడం) వల్ల వచ్చేదని క్లయింట్, అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో అప్పటికే అనుమానించారు. ఆస్పరజిన్ పక్కన గ్లైసిన్ ఉన్న చోట ఇది తొందరగా జరుగుతుంది. ఆస్పరజిన్ సక్సినిమైడ్ వలయంగా మారి, అది తెరుచుకుని ఆస్పార్టిక్, ఐసో ఆస్పార్టిక్ ఆమ్లాలుగా, ఐసో రూపం ఎక్కువ పాలుగా, మిగులుతుంది. బరువు 1 డాల్టన్‌కు అటూ ఇటూగా పెరుగుతుంది. క్షార పీహెచ్ ఈ చర్యను వేగవంతం చేస్తుంది.

రెండో దారి చూడడానికి చాలా ఆకర్షణీయంగా ఉంది. పీహెచ్ 2.5 ఫాస్ఫేట్‌లో పీక్ సూదిలా వచ్చింది, పొడవు పొట్టి దారుల అంకెలు దగ్గరపడ్డాయి. కానీ ఒక్కటే పీక్. కారణం ఆలోచిస్తే సులువే: డీఅమిడేషన్ వల్ల అణువులో కొత్తగా చేరేది ఒక కార్బాక్సిల్ సమూహం. ఆస్పార్టిక్ పక్క గొలుసు పీకేఏ, అంటే సగం సమూహాలు ప్రోటాన్‌ను వదిలే పీహెచ్, 4కు కొంచెం దిగువన ఉంటుంది. పీహెచ్ 2.5 దగ్గర ఆ కార్బాక్సిల్ ప్రోటాన్‌ను పట్టుకుని తటస్థంగా ఉంటుంది, అప్పుడు అసలు రూపానికీ మారిన రూపానికీ ఆవేశంలో తేడా ఉండదు. అంటే గోడ బాధ తీర్చిన పీహెచ్ విడదీసే ఆధారాన్నే తీసేసింది. ఈ చక్కటి పీక్‌ను చూసి పద్ధతి ఖాయం చేసి ఉంటే, ఆ ప్రోటీన్‌లో వేరియంట్లు లేవని రిపోర్టు వెళ్లేది.

అందువల్ల పీహెచ్ 5 నుంచి 6 మధ్యే పని జరగాలి. అక్కడ కొత్త కార్బాక్సిల్ పూర్తిగా ఆవేశంతో ఉంటుంది, డీఅమిడేషన్ నెమ్మదిగా ఉంటుంది. అదే పీహెచ్‌లో ప్రోటీన్ గట్టి ధన ఆవేశంతో, గోడ సగం ఋణ ఆవేశంతో ఎదురుపడతాయి. పీహెచ్‌ను వేరియంట్ రసాయనానికి వదిలిపెట్టి, గోడను విడిగా చూసుకోవాలన్న నిర్ణయం ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం.

గోడను కప్పే దారులు

ఉప్పు గాఢతను పెంచి ఆవేశాల ఆకర్షణను బలహీనం చేయడం గ్రీన్, జోర్గెన్సన్ 1989లో చూపిన దారి. 250 మిల్లీమోలార్ పొటాషియం సల్ఫేట్‌ను మా కేపిలరీలో 20 కిలోవోల్టుల దగ్గర ఊహిస్తే కరెంటు సుమారు 300 మైక్రోఆంపియర్లు, వేడి మీటరుకు 10 వాట్లు అవుతుంది. నేను మీటరుకు 1 వాట్ దాటనివ్వను. అంటే ఈ పొడవుకు 30 మైక్రోఆంపియర్లు. వోల్టేజీ బాగా తగ్గిస్తే నడుస్తుంది కానీ సమయం, దానితో విస్తరణ పెరుగుతాయి. కాగితం మీదే దీన్ని వదిలేశాము.

ఉప్పు చేసే పనిని వాహకత లేకుండా చేయడానికి ద్విధ్రువ అణువులు, అంటే ధన, ఋణ ఆవేశాలు రెండూ ఉన్నవి, ఉన్నాయి. మోనోక్లోనల్ యాంటీబాడీల చార్జ్ వేరియంట్లకు ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో వాడే బఫర్ ఇలాంటిదే: 400 మిల్లీమోలార్ ఎప్సిలాన్ అమైనో కాప్రోయిక్ ఆమ్లం, 2 మిల్లీమోలార్ ట్రైఇథిలీన్ టెట్రామిన్, 0.05 శాతం హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే పాలిమర్), ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 5.7. దీని అమరికలో ఎంతో తెలివి ఉంది. ఎప్సిలాన్ అమైనో కాప్రోయిక్ ఆమ్లం కార్బాక్సిల్ పీకేఏ 4.4, అమైనో వైపు 10.8, పీహెచ్ 5.7 దగ్గర అందులో 95 శాతం నికర ఆవేశం లేని ద్విధ్రువ రూపంలో ఉండి కరెంటు మోయదు, మిగిలిన 5 శాతమే, అంటే 20 మిల్లీమోలార్ లోపు, కరెంటు మోస్తుంది. ఆ పీహెచ్ పీకేఏకి దూరంగా ఉన్నా మొత్తం గాఢత ఎక్కువ కాబట్టి బఫర్ శక్తి చాలినంత ఉంటుంది. ట్రైఇథిలీన్ టెట్రామిన్ ఆ పీహెచ్‌లో సుమారు మూడు ధన ఆవేశాలతో సైలనాల్‌ల మీద ప్రోటీన్ కన్నా ముందే కూర్చుంటుంది. హెచ్‌పీఎంసీ హైడ్రోజన్ బంధాలతో గోడ మీద పలుచగా పరుచుకుని ఈఓఎఫ్‌ను అణచివేస్తుంది. కరెంటు 30 మైక్రోఆంపియర్ల గీతకు బాగా దిగువన నిలిచింది.

ఈ బఫర్‌లో మొదటిసారి ఆ భుజం విడిపోయి రెండు చిన్న పీకులుగా ప్రధాన పీక్ తర్వాత కనిపించింది. ధన ఆవేశం ఒకటి తగ్గిన రూపం నెమ్మదిగా కాథోడ్ చేరడం మేము ఎదురుచూసినదే. కానీ ప్రధాన పీక్ వెనుక చిన్న తోక ఉంది, పొడవు దారి అంకె పొట్టి దారి కన్నా పదో వంతుకు పైగా తక్కువ ఉంది. యాంటీబాడీలకు బాగా కుదిరిన ఈ బఫర్, ఇంత చిన్న, ఇంత క్షార ప్రోటీన్‌కు పూర్తిగా చాలలేదు.

తోక నిజంగా గోడ వల్లేనా అన్నది తేల్చాలి. శాంపిల్ మండలంలోని వాహకతకు, బఫర్ వాహకతకు తేడా ఉంటే పీక్ త్రిభుజాకారంలోకి వంగుతుంది, దానికి గోడతో సంబంధం లేదు. పరీక్ష మామూలుది: శాంపిల్‌ను పలచన చేయాలి. వాహకత వల్ల వచ్చిన తోక పలచన చేస్తే పోతుంది. గోడ వల్ల వచ్చిన తోక పోదు. తక్కువ ప్రోటీన్ ఉన్నప్పుడు అంటుకునే చోట్ల ప్రభావం నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి అది ఇంకా పొడుగవుతుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము నుంచి 0.02 మిల్లీగ్రాముల దాకా పలచన చేసినప్పుడు తోక పొడుగైంది, మొత్తం వైశాల్యం మాత్రం పలచన నిష్పత్తి కన్నా ఎక్కువగా పడిపోయింది.

ఆ అదనపు పతనానికి కారణం కేపిలరీ కాకపోవచ్చు. ఆటోసాంప్లర్‌లో (శాంపిల్‌ను యంత్రమే ఎక్కించే భాగంలో) మనం పెట్టే చిన్న గాజు ఇన్సర్ట్ కూడా సిలికాయే. 50 మైక్రోలీటర్ల శాంపిల్ తడిపే గాజు వైశాల్యం ముప్పాతిక చదరపు సెంటీమీటరు ఉంటుందనుకుంటే, అది వంద నానోగ్రాముల దాకా ప్రోటీన్‌ను పట్టుకోగలదు. 1 మిల్లీగ్రాము గాఢతలో ఇన్సర్ట్‌లో ఉన్నది 50 మైక్రోగ్రాములు కనుక ఆ నష్టం లెక్కలోకి రాదు. 0.02 గాఢతలో ఉన్నది 1 మైక్రోగ్రామే, అందులో పదో వంతు సీసాకే అంటుకుంటుంది. పాలీప్రోపిలీన్ సీసాలలో మళ్లీ చేయగా వైశాల్యం పలచన నిష్పత్తికి దగ్గరగా వచ్చింది, తోక మాత్రం అలాగే నిలిచింది. అంటే వైశాల్య నష్టంలో కొంత సీసాది, తోక కేపిలరీ గోడది. క్షార ప్రోటీన్‌తో పలచన పరీక్ష చేసేవారు గాజును పక్కన పెట్టకపోతే ఈ రెండూ కలిసిపోయి తప్పు దారి పట్టిస్తాయి.

శాశ్వత పూత

మిగిలిన పదో వంతు నష్టాన్ని తీర్చడానికి రెండు రకాల పూతలను పోల్చి చూశాము.

మొదటిది పాలీబ్రీన్ (ధన ఆవేశపు పాలిమర్), డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ (ఋణ ఆవేశపు పాలిమర్), మళ్లీ పాలీబ్రీన్ అనే వరుసలో పొరలు వేసే పద్ధతి. కటయామా, ఇషిహామా, అసకావా 1998లో చెప్పిన ఈ బహుళ పొరల ఆలోచనలో గోడ ధన ఆవేశం పొందుతుంది, ధన ప్రోటీన్‌ను దూరంగా నెడుతుంది. పొరలు ప్రయోగశాలలోనే వేసుకోవచ్చు, అరిగితే మళ్లీ వేయవచ్చు. నష్టం దాదాపు కనబడకుండా పోయింది. కానీ గోడ ధన ఆవేశంతో ఉంటే ఈఓఎఫ్ తిరగబడి, ప్రోటీన్ సహజంగా వెళ్లే దిశకు ఎదురుగా బలంగా వీస్తుంది. ధ్రువాలు తిప్పి నడపాలి. విభజన శక్తి నికర చలనశీలత (విద్యుత్ క్షేత్రంలో కదిలే వేగపు కొలత) వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ప్రోటీన్ చలనశీలత 2 అనుకుంటే, తిరగబడిన ఈఓఎఫ్ 5 ఉన్నప్పుడు నికరం 3 అవుతుంది. ఈఓఎఫ్ అసలు లేని కేపిలరీలో నికరం 2గానే ఉంటుంది. అదే ఆవేశపు తేడాకు ఈఓఎఫ్ లేని గోడ మీద విభజన ఇరవై శాతం పైగా మెరుగు. రెండు చిన్న పీకులు ఒకదాని కాలు ఒకటి తొక్కుతున్న ఈ కేసులో ఆ ఇరవై శాతం వదులుకునేది కాదు.

అందుచేత తటస్థ పూతనే ఎంచుకున్నాము. ఈ దారికి మూలం యెర్టెన్ 1985లో గోడకు మిథాక్రైలాక్సీ సైలేన్‌ను అతికించి, దాని మీద అడ్డుబంధాలు లేని పాలీఅక్రైలమైడ్‌ను పెంచిన పద్ధతి. ప్రయోగాలు చేసేటప్పుడు దానిని మేము స్వయంగా తయారు చేసుకున్నాము, ఖర్చు తక్కువ. అక్రైలమైడ్ మోనోమర్ నాడులకు విషం కనుక తూకం, ద్రావణం అన్నీ ఫ్యూమ్ హుడ్‌లో, చేతికి గ్లౌజులతోనే చేయాలి, ఈ విషయంలో రాజీ కూడదు. కానీ క్లయింట్ దగ్గరకు పంపవలసిన పద్ధతిలో ఒక్కో కేపిలరీ ఒక్కో చేతి పనితనం మీద ఆధారపడకూడదు. కాబట్టి చివరి పద్ధతికి పాలీవినైల్ ఆల్కహాల్ పూతతో అమ్మకానికి దొరికే కేపిలరీ తీసుకున్నాము. గిల్గెస్, క్లీమిస్, షోంబర్గ్ 1994లో వివరించిన ఈ పూతలో పాలిమర్‌ను లోపల వేడి చేసి స్థిరపరుస్తారు. అది నీటిని ఇష్టపడేది, ఆవేశం లేనిది, ప్రోటీన్‌కు పట్టు ఇవ్వనిది.

బఫర్‌లో ఎప్సిలాన్ అమైనో కాప్రోయిక్ ఆమ్లాన్ని ఉంచి, ట్రైఇథిలీన్ టెట్రామిన్‌ను తీసేశాను. దీని మీద మా బృందంలో చర్చ జరిగింది. ఉంటే నష్టం ఏముంది అన్నది వారి వాదన. పూత ఎక్కడైనా చిరిగితే బయటపడిన సైలనాల్‌ల మీద ఆ అమీన్ కూర్చుని లోపాన్ని కొంతకాలం కప్పిపెడుతుంది. అలా జరగడం కన్నా పూత చెడిన రోజే అది కొలతలో కనబడడం మేలని నేను పట్టుబట్టాను. శాంపిల్‌ను సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌తో ఉప్పు తీసి, పాలీప్రోపిలీన్ సీసాలో పెట్టాము, లోపలి ప్రమాణంగా, అంటే ప్రతి పరుగులో పోల్చుకునే గుర్తుగా, హిస్టమిన్ కలిపాము.

పొడవు, పొట్టి దారుల నిష్పత్తి 98 శాతం చుట్టూ నిలిచింది, ఎస్‌డీఎస్ తోసినప్పుడు దిబ్బ కనిపించలేదు, ప్రధాన పీక్ ప్లేట్లు లక్ష దరిదాపుకు చేరాయి. ప్రధాన పీక్ తర్వాత రెండు ఆమ్ల పీకులు అడుగు దాకా విడిపోయాయి, ముందు వైపు అంతకుముందు ఎవరూ చూడని ఒక చిన్న క్షార పీక్ బయటపడింది. అది ఎక్కువ ధన ఆవేశమున్న రూపం కనుక, పాత గోడ దానిని మొత్తంగా పట్టేసి ఉండాలి. ఆమ్ల పీకులు డీఅమిడేషన్‌వేనని తేల్చడానికి ప్రోటీన్‌ను పీహెచ్ 8.5లో 37 డిగ్రీల దగ్గర ఉంచి, సమయంతో పాటు నడిపాము. మొదటి ఆమ్ల పీక్ ముందు పెరిగి, రెండోది దాని వెనుకనే పెరగడం ఒక చోట, తర్వాత రెండో చోట మార్పు జరుగుతున్న క్రమానికి సరిపోయింది. వేలిడేషన్ (పద్ధతి నమ్మదగినదని నిరూపించడం) 2023లో ఆమోదం పొందిన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ2 ఆర్2 ప్రకారం జరిగింది, దాని గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు.

పద్ధతి హైదరాబాద్ వెళ్లేటప్పుడు దానితో పాటు కేపిలరీ ఆరోగ్యాన్ని చూసే విధానం కూడా రాసి ఇచ్చాము. పూత ఉన్న కేపిలరీని పూత లేనిదానిలా సోడియం హైడ్రాక్సైడ్‌తో ఎప్పుడూ కడగకూడదు. రోజూ పొద్దున అలవాటుగా నడిచే కడుగుడు ప్రోగ్రాములో ఆ అడుగు మిగిలి ఉందేమో ముందే చూసుకోవాలి. శుభ్రతకు పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం, నీరు, బఫర్ చాలు. ఈఓఎఫ్ సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు తటస్థ గుర్తు డిటెక్టర్ చేరడానికి గంటలు పడుతుంది కనుక, విలియమ్స్, విగ్ 1996లో చెప్పినట్టు తటస్థ పదార్థపు చిన్న పట్టీలను పీడనంతో లోపలికి నెట్టి, మధ్యలో కొద్దిసేపు వోల్టేజీ పెట్టి, తర్వాత మళ్లీ పీడనంతో అన్నిటినీ డిటెక్టర్ ముందుకు తెచ్చి, వాటి మధ్య దూరం మారిన తీరును బట్టి ఈఓఎఫ్ లెక్క కట్టాలి. దీన్ని ప్రతి బ్యాచ్ మొదట్లో చేయాలి.

పూత అరుగుదల మొదట కనబడేది ఈ అంకెలోనే, పీక్ ఆకారంలో కాదు. ఈఓఎఫ్ సున్నా దగ్గర నుంచి కాథోడ్ వైపు కదలడం మొదలైతే, పీకులు ఇంకా చక్కగానే ఉన్నా, ఆ రోజే రెండు దారుల పరీక్ష చేయాలి. నిష్పత్తి 95 శాతం కన్నా తగ్గితే ఆ కేపిలరీని తీసేసి, దానితో చివరిసారి నిష్పత్తి సరిగా వచ్చిన తేదీ తర్వాత నడిచిన శాంపిల్స్ అన్నిటినీ కొత్త కేపిలరీలో మళ్లీ నడపాలి, ఎందుకంటే ముందు మాయమయ్యేది ఆ చిన్న క్షార పీకే.